ల్యూటిన్ మాత్ర పరగడుపున వేసుకుంటే ఒంటికి పడుతుందా?

వేకువ: నాన్నగారికి వయసుతో వచ్చే మాక్యులా (కంటి రెటీనా నడిమి భాగం) సమస్య ఉంది, మధ్య దశ. డాక్టర్ గారు ల్యూటిన్ 10 మిల్లీగ్రాములు, జియాజాంతిన్ 2 మిల్లీగ్రాములు ఉన్న మాత్ర రాశారు. పొద్దున్నే పరగడుపున వేసుకుంటున్నారు. అలా అయితే దండగ అంటున్నారు ఒకరు. నిజమేనా అండి?

తాళపత్రం: పూర్తిగా దండగ కాదు కానీ చాలా భాగం పోతుంది. ల్యూటిన్ లాంటి కెరోటినాయిడ్లు, అంటే మొక్కల్లో ఉండే పసుపు, నారింజ రంగు పదార్థాలు, నీళ్లలో కరగవు. తిన్న కొవ్వు పేగులోకి దిగితేనే పైత్యరసం బాగా ఊరుతుంది. ఆ రసంలోని లవణాలు కొవ్వును మిసెల్స్ అనే అతి సన్నని రేణువులుగా విడగొడతాయి. వాటిలో కలిస్తేనే ల్యూటిన్ పేగు గోడ దాకా చేరుతుంది. అక్కడి కణాలు దాన్ని కైలోమైక్రాన్లనే కొవ్వు మోసే రేణువుల్లో సర్ది లింఫ్ నాళాల్లోకి పంపుతాయి. అక్కణ్ణుంచి రక్తంలోకి, ఆ తర్వాత కాలేయానికి. కాబట్టి భోజనంతో వేయించండి.

నీలిగోడ: మాత్ర సాఫ్ట్‌జెల్ అయితే? నూనె అందులోనే ఉంటుందిగా.

తాళపత్రం: ఆ చుక్క నూనెకి పైత్యరసం పెద్దగా రాదు.

నీలిగోడ: మీది పుస్తకం మాట. నేను బీటా కెరోటిన్ (అదీ ఒక కెరోటినాయిడే) సాఫ్ట్‌జెల్ మూడు నెలలు పరగడుపునే వేసుకున్నాను. అరచేతులు, అరికాళ్లు పచ్చబడ్డాయి. ఒంటికి పట్టకపోతే ఆ రంగు ఎక్కణ్ణుంచి వచ్చింది? కామెర్లనుకుని ఒక క్లినిక్‌కి వెళితే వరసగా రక్తపరీక్షలు రాశారు. మాత్రలేమైనా వేసుకుంటున్నావా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

గోరింట: కామెర్లయితే కంటి తెల్లగుడ్డు కూడా పచ్చబడుతుంది. కెరోటిన్‌తో కాదు.

తాళపత్రం: చర్మానికి పట్టింది, కాదనను. అంతమాత్రాన కంటికి చేరినట్టు కాదు. రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసే రేణువుల్లో బీటా కెరోటిన్ ఎక్కువగా ఎల్‌డీఎల్ మీద ప్రయాణిస్తుంది, ల్యూటిన్‌లో పెద్ద వాటా హెచ్‌డీఎల్ మీద. మాక్యులాలో పోగయ్యేవి ల్యూటిన్, జియాజాంతిన్ రకాలే. మిగతావి ఎక్కువగా కొవ్వులో, కాలేయంలో నిల్వ ఉంటాయి.

నీలిగోడ: నేను నూనె గురించి అడిగితే మీరు కంటి గురించి చెబుతున్నారు. పరగడుపున వేసుకున్నా పడుతుందా, పడదా?

తాళపత్రం: పడుతుందండీ, తక్కువ పడుతుంది! మీకు ఆ ఒక్క ముక్కే కావాలా? మా నాన్న సిగరెట్లు తాగేవారు. ఊపిరితిత్తులకి మంచిదని ఒక మందుల షాపులో బీటా కెరోటిన్ చేతిలో పెట్టారు. పొగ తాగుతారా అని అడగలేదు. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లకి రోజుకి 20 మిల్లీగ్రాములిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువైందని 1994లోనే బయటికొచ్చింది. నాన్న ఆ క్యాన్సర్‌తోనే పోయారు. మాత్ర వల్లేనని నేను అనలేను. కానీ ఒంటికి పట్టిందా అని సంబరపడేవాళ్లని చూస్తే ఊరుకోలేను. పట్టడమే మంచిదని ఎవరు చెప్పారు?

నీలిగోడ: క్షమించండి, నాకు తెలియదు. అయితే మీ గొడవ నూనెతో కాదన్నమాట, అడగకుండా మాత్రలు మింగడంతో. ఆ విషయంలో మాత్రం మీతో ఒప్పుకోలేను. నన్ను చూసినవాళ్లు కూడా అడగలేదు కదా. నా చేతులు చూసి నేనే మాత్ర మానేశాను, రంగు దానంతటదే పోయింది.

తాళపత్రం: రంగు కనిపించింది కాబట్టి మానేశారు. ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతోందో చేతుల మీద కనపడదు.

వేకువ: ఇద్దరూ ఒక్క నిమిషం. నాన్నగారు పన్నెండేళ్ల కిందటి దాకా సిగరెట్లు తాగారు. ఇప్పుడే సీసా తిప్పి చదివాను. ల్యూటిన్ కిందే బీటా కెరోటిన్ 15 మిల్లీగ్రాములు అని ఉంది. చీటీలో అది లేదు.

తాళపత్రం: అది పాత మిశ్రమం. మాక్యులా జబ్బు మీద చేసిన ఏరెడ్స్-2 అనే అధ్యయనం ఫలితాలు 2013లో వచ్చాక బీటా కెరోటిన్ బదులు ల్యూటిన్, జియాజాంతిన్ వాడటం మొదలైంది. ఆ అధ్యయనంలో బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువొచ్చింది, క్యాన్సర్ వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఒకప్పుడు పొగతాగి మానేసినవాళ్లే. పైగా బీటా కెరోటిన్, ల్యూటిన్ పేగులో పోటీపడతాయి, ల్యూటిన్ అందేది తగ్గుతుంది.

నీలిగోడ: వేకువ గారూ, ఆ సీసా పక్కన పెట్టేయండి. భోజనంతోనా, పరగడుపునా అన్నది తర్వాత చూద్దాం.

వేకువ: పెట్టేశాను. రేపు సీసా, చీటీ రెండూ పట్టుకెళ్లి డాక్టర్ గారికి చూపిస్తాను.