పీ0016 కోడ్ వస్తే డైరెక్ట్‌గా చైన్ కిట్ మార్చేయడమేనా?

బెజవాడ_బండోడు:
అందరికీ నమస్తే అండి. మాది పాత పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, వీవీటీ (ఇంజిన్ వాల్వులు తెరుచుకునే టైమింగ్‌ని మార్చే ఏర్పాటు) ఉన్న టైమింగ్ చైన్ ఇంజిన్, రీడింగ్ లక్ష దాటింది. ఈమధ్య పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే బెల్టుల వైపు గరగరమని సౌండొచ్చి ఆగిపోతోంది, ఇప్పుడు చెక్ లైట్ కూడా వెలిగింది, స్కాన్ చేయిస్తే పీ0016, అంటే క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్) లెక్కకీ, చైన్‌తో దానికి కలిసి తిరిగే క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) లెక్కకీ పొంతన కుదరట్లేదంట. వారధి ఎక్కేటప్పుడు పికప్ కూడా లేదు. ఆటోనగర్‌లో ఒకాయన బానెట్ ఎత్తకుండానే చైన్ కిట్ అన్నాడు, ఇంకొకాయన ముందు సెన్సార్ మార్చి చూద్దాం అన్నాడు. ఎవరి మాట వినమంటారు?

ఆటోనగర్_మేస్త్రి:
మొదటాయన మాట వినండి. లక్ష రీడింగు, చల్లటి ఇంజిన్‌లో గరగర, పైన ఆ కోడు, ఇంకేం కావాలండీ? రాత్రంతా బండి ఆగి ఉంటే చైన్‌ని బిగుతుగా పట్టే టెన్షనర్‌లో ఆయిల్ కిందికి దిగిపోద్ది, పొద్దున స్టార్ట్ చేశాక ప్రెజర్ వచ్చేదాకా చైన్ వదులుగా ఉండి పక్కనుండే గైడ్లకి (చైన్ దారి తప్పకుండా పట్టే పట్టీలు) కొట్టుకుంటది, ఆ సౌండే అది. చైన్ పిన్నులు అరిగి పొడుగైపోయాక దాన్ని బాగుచేసేదేం ఉండదు. కిట్ అంటే చైన్ ఒక్కటే కాదు, టెన్షనర్, గైడ్లు, స్ప్రాకెట్లు (చైన్ తిప్పే పళ్ల చక్రాలు) అన్నీ కలిపి వెయ్యాలి.

గుంటూరు_గ్యారేజ్:
మేస్త్రిగారూ మీ అనుభవం మీద గౌరవం ఉంది గానీ ఒప్పుకోను. ఆ కోడ్ చెప్పేది తేడా ఉందని మాత్రమే, ఎవరి వల్లో చెప్పదు. క్యామ్‌ని కొద్దిగా ముందుకీ వెనక్కీ జరిపే ఫేజర్ ఆయిల్ ప్రెజర్‌తో తిరుగుద్ది, దానికి ఆయిల్ వదిలే ఆయిల్ కంట్రోల్ వాల్వు మెష్‌లో (జల్లెడలో) మడ్డి పట్టినా, వాల్వు లోపల ఇరుక్కున్నా క్యామ్ ఉండాల్సిన చోట ఉండదు, అప్పుడూ ఇదే కోడు. బెంజ్ సర్కిల్ దగ్గర ఎండాకాలం ఏసీ వేసుకుని పాకే బండికి కిలోమీటర్ల లెక్కన ఆయిల్ మారిస్తే చాలదు, ఇంజిన్ తిరిగిన గంటలు వేరే కదా. ముందు స్టిక్ తీసి ఆయిల్ లెవెల్ చూడండి, తక్కువుంటే ఆ గరగర కూడా దానివల్లే అయ్యుండొచ్చు.

తర్వాత వాల్వు టెస్ట్. ఐడిల్‌లో ఇంటేక్ వైపు వాల్వుకి బ్యాటరీ నుంచి 12 వోల్టులు ఒక్క క్షణం ఇస్తే ఇంజిన్ తడబడాలి లేదా ఆగిపోవాలి. ఏ మార్పూ లేకపోతే వాల్వో, దాని మెష్షో, ఫేజరో కదలట్లేదన్నమాట. ఎక్కువసేపు పెట్టకండి, కాయిల్ కాలిపోద్ది.

కృష్ణలంక_కుర్రోడు:
సెన్సార్ సంగతి ఏంటన్నా? మా ఫ్రెండ్ బండికి సెన్సార్ మారిస్తే సరిపోయింది

గుంటూరు_గ్యారేజ్:
తమ్ముడూ క్యామ్ సెన్సార్ సిగ్నల్ పోతే మామూలుగా వచ్చేది పీ0340, క్రాంక్‌ది పోతే పీ0335. 0016 అంటే రెండు సిగ్నళ్లూ వస్తున్నాయి, ఒకదానితో ఒకటి కలవట్లేదు. సెన్సార్ బోల్టు వదులైనా, మొనకి ఇనప రజను అంటుకున్నా రావచ్చులే, అది విప్పి తుడిస్తే తెలిసిపోద్ది, కొత్తది కొనక్కర్లా. నాకైతే స్కోప్ (సిగ్నల్‌ని గీతగా చూపించే మెషిన్) పెట్టి రెండు సిగ్నళ్లూ ఒకే స్క్రీన్ మీద చూడటమే ఇష్టం, అదే ఇంజిన్ మంచి బండి ప్యాటర్న్ పక్కన పెట్టుకుంటే ఎంత జరిగిందో తెలిసిపోద్ది. క్రాంక్ స్ప్రాకెట్‌కి 18 పళ్లున్నాయనుకో, ఒక పన్ను జారితే క్రాంక్ మీద 20 డిగ్రీలు, క్యామ్ మీద 10. చైన్ సాగితే మాత్రం తేడా కొద్ది డిగ్రీల్లోనే, మెల్లగా పెరుగుతూ పోద్ది.

ఆటోనగర్_మేస్త్రి:
ఇవన్నీ నాకూ తెలుసు బాబూ. ఆ స్కోప్ పెట్టి పూటంతా కూర్చుంటే దానికి డబ్బులెవరిస్తారు? చెకింగ్‌కి చార్జ్ అడిగితే "ఏం పని చేశారని" అంటారు. పోనీ వాల్వు కడిగి పంపించామనుకో, మంగళగిరి దాటాక చైన్ జారింది, ఇలాంటి ఇంజిన్లలో చాలావాటికి హెడ్‌లో వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి, హెడ్ దింపి లేత్‌కి పంపాలి. అప్పుడు కస్టమర్ తిట్టేది నన్నే, స్కోప్‌ని కాదు. అందుకే సౌండూ కోడూ కలిసొస్తే నేను విప్పేస్తా.

గుంటూరు_గ్యారేజ్:
చెకింగ్‌కి డబ్బులివ్వరన్నది నిజమే, అది మన దగ్గరున్న రోగం. కానీ ఆ పూట మిగుల్చుకుని కిట్ మొత్తం డబ్బులు కస్టమర్ నెత్తిన వెయ్యడం ఏం న్యాయం? మడ్డి ఉన్న ఇంజిన్‌కి కొత్త చైన్ వేసి అదే వాల్వు వదిలేస్తే కోడ్ మళ్లీ వస్తది, అప్పుడూ తిట్టేది మిమ్మల్నే కదా.

విప్పక తప్పకపోతే మాత్రం ఒకటి చూడండి. కొన్ని ఇంజిన్లలో క్రాంక్ స్ప్రాకెట్‌కి కీ (షాఫ్ట్ మీద జారకుండా పట్టే ఇనప ముక్క) ఉండదు, పుల్లీ బోల్టు బిగింపే దాన్ని పట్టి ఉంచుద్ది, షాఫ్టులు కదలకుండా పట్టే లాక్ పిన్నులు లేకుండా వైట్‌నర్ మార్కులు పెట్టుకుని ఆ బోల్టు వదులు చేస్తే టైమింగ్ అక్కడే పోద్ది.

ఆటోనగర్_మేస్త్రి:
వైట్‌నర్ గురించి నన్నేనా అనేది 😄 బిగించాక చేత్తో క్రాంక్‌ని రెండు రౌండ్లు తిప్పి మార్కులు మళ్లీ చూడకుండా నేను కవర్ వెయ్యను. క్రాంక్ రెండు తిరిగితే క్యామ్ ఒకటి, కాబట్టి స్ప్రాకెట్ మార్కులు కలవాలి, చైన్ మీదుండే రంగు లింకులు కలవవు. అది తెలీక కుర్రాళ్లు తప్పయిందనుకుని మళ్లీ మొత్తం విప్పుతారు.

బెజవాడ_బండోడు:
ఇప్పుడే స్టిక్ తీసి చూశా, ఆయిల్ మినిమమ్ గీత కిందే ఉంది, రంగు కూడా తారులా ఉంది. ఆయిల్ మార్చి నడిపి చూడనా?

గుంటూరు_గ్యారేజ్:
మాన్యువల్‌లో రాసిన గ్రేడ్ ఆయిల్, కొత్త ఫిల్టర్ వెయ్యండి, వాల్వు తీసి మెష్ కడిగించి కోడ్ క్లియర్ చేయించండి. మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి వినండి, సౌండ్ పోయి కోడ్ రాకపోతే చైన్ జోలికి పోనక్కర్లా. పాత ఆయిల్ పారబోసేముందు అందులో మెరిసే రజను, ప్లాస్టిక్ ముక్కలు ఉన్నాయేమో చూడండి, గైడ్లు విరిగితే కొన్నిసార్లు ముక్కలు ఇంజిన్ కింద ఆయిల్ ఉండే చాంబర్‌లోకి దిగుతాయి.

ఆటోనగర్_మేస్త్రి:
ముక్కలు కనిపిస్తే ఇక స్టార్ట్ చెయ్యొద్దండి, బండి కట్టి లాక్కురండి. ఆయిల్ మార్చాక సౌండ్ అలాగే ఉన్నా అంతే, గుంటూరు హైవే ఎక్కించకండి. ఆయిల్ మాత్రం ఇవాళే మార్పించండి, అది వీళ్లు చెప్పకపోయినా నేను చెప్పేవాణ్ణి.