ప్రీయాంప్‌లో వాల్వు మారిస్తే ధ్వనిలో నిజంగా మారేది ఏమిటి?

ప్రశ్న, తార్నాక నుంచి:
నా ప్రీయాంప్ (పవర్ యాంప్‌కు ముందుండే యాంప్లిఫయర్) 12ఏఎక్స్7 రకం వాల్వులతో, అంటే పాతకాలపు గాజు గొట్టాలతో, పనిచేస్తుంది. కోఠీ గుజరాతీ గల్లీలో దొరికిన 12ఏయూ7 అనే మరో రకం వాల్వుల జతను వాటి స్థానంలో పెట్టి అదే వీణ కచేరీ రికార్డు విన్నాను. మీటు స్పష్టంగా, తంబురా నాదం విడివిడిగా వినిపించాయి గాని, మృదంగంలో మునుపటి నిండుదనం లేదు. ఇది వాల్వు గుణమా, సర్క్యూట్ గుణమా? వాల్యూమ్ కంట్రోలు 500 కిలో ఓమ్‌లు. పవర్ యాంప్‌కు వెళ్లే కేబుల్ సుమారు మూడు మీటర్లు. ఈసీసీ88 అనే వాల్వు కూడా ప్రయత్నించమని ఒక మిత్రుడు అంటున్నారు.

జవాబు, సైనిక్‌పురి నుంచి:
ఈసీసీ88 మాత్రం దయచేసి పెట్టకండి. సాకెట్‌లో సరిపోయినా హీటరు (వాల్వును లోపల వేడిచేసే తీగ) పిన్నుల అమరిక వేరు. 4, 5 పిన్నుల మధ్య 12.6 వోల్టులు ఇచ్చే సర్క్యూటయితే దాని 6.3 వోల్టుల హీటరు కాలిపోతుంది.

ఇక అసలు విషయం. 12ఏఎక్స్7 యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ (సిగ్నల్‌ను గరిష్ఠంగా ఎన్ని రెట్లు పెంచగలదో చెప్పే అంకె) 100, 12ఏయూ7ది 20 లోపు. వాల్వులో సిగ్నల్ లోపలికి వచ్చే గ్రిడ్‌కు, పెరిగి బయటికి వెళ్లే ప్లేటుకు మధ్య ఉండే 1.7 పికోఫారడ్ల కెపాసిటెన్స్, ఆ దశ గెయిన్ (నిజంగా పెంచే రెట్లు) 60 అయినప్పుడు, గెయిన్ మేరకు కెపాసిటెన్స్‌ను పెద్దది చేసి చూపే మిల్లర్ ప్రభావం వల్ల, గ్రిడ్ వైపు 100 పికోఫారడ్లకు పైగా కనిపిస్తుంది. మీ వాల్యూమ్ కంట్రోలు సిగ్నల్‌ను సగానికి తగ్గించే చోట దాని సోర్స్ ఇంపెడెన్స్ (వాల్వుకు వెళ్లే సిగ్నల్‌కు అది కలిగించే అడ్డు) 125 కిలో ఓమ్‌లు కాబట్టి, సుమారు 12 కిలోహెర్ట్జ్ దగ్గరే సిగ్నల్ 3 డెసిబెల్స్ పడిపోతుంది. అదే 12ఏయూ7తో ఆ హద్దు 45 కిలోహెర్ట్జ్ దాటుతుంది. పైగా కాథోడ్ ఫాలోవర్ (ఔట్‌పుట్ ఇంపెడెన్స్ తగ్గించే అదనపు దశ) లేకుండా ప్లేటు నుంచే ఔట్‌పుట్ తీసుకునే సర్క్యూటయితే, 12ఏఎక్స్7కు సుమారు 38 కిలో ఓమ్‌ల ఔట్‌పుట్ ఇంపెడెన్స్ వస్తుంది. మూడు మీటర్ల కేబుల్ దానికి పెద్ద భారమే. మనం వెచ్చదనమని మురిసిపోయేది చాలాసార్లు ఇలా కోతపడిన పై స్వరాలనే. అయితే 12ఏఎక్స్7 కోసం లెక్కకట్టిన కాథోడ్ రెసిస్టరుతో (వాల్వులో పారే కరెంటును నిర్ణయించేది) 12ఏయూ7 నడిపితే ప్లేటు వోల్టేజి బాగా దిగిపోతుంది, డిస్టార్షన్ పెరుగుతుంది. కాబట్టి రెసిస్టర్లు మార్చకుండా ఇచ్చే తీర్పు ఆ వాల్వుకు అన్యాయమే అవుతుంది.

జవాబు, హిమాయత్‌నగర్ నుంచి:
పై లెక్క సరైనదే. మృదంగం పలచబడటానికి మాత్రం నేను మరో కారణం అనుమానిస్తాను. గెయిన్ 60 నుంచి 15కు దిగితే శబ్దస్థాయి 12 డెసిబెల్స్ తగ్గుతుంది, స్థాయి తగ్గినప్పుడు మన చెవికి మంద్రస్వరాలే ముందు మరుగవుతాయి. వాల్యూమ్‌ను చెవి అంచనాతో సరిచేయడం చాలదు. 400 హెర్ట్జ్ టోన్ పెట్టి, స్పీకర్ తీగల వద్ద మల్టీమీటరుతో ఏసీ వోల్టేజి రెండుసార్లూ సమానమయ్యేలా చూసి, అప్పుడు పోల్చండి.

జవాబు, మల్కాజిగిరి నుంచి:
ఒకే రకంలో కంపెనీ మారిస్తే ఆకాశమంత తేడా వస్తుందనే మాటను నేను నమ్మను. బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) 1961లో రిసీవింగ్ వాల్వుల (రేడియోల వంటి వాటిలో వాడే చిన్న వాల్వుల) తయారీ మొదలుపెట్టింది. పాత రేడియోలు బాగుచేసేవారి దగ్గర ఆ సరుకు అప్పుడప్పుడు కనిపిస్తుంది, పేరు చూసి తీసిపారేయనక్కరలేదు. కొనేముందు వాల్వును నడుస్తున్న యాంప్‌లో పెట్టించి, పెన్సిల్ రబ్బరు కొసతో మెల్లగా తట్టండి. స్పీకరులో గంట మోగినట్టు సాగితే అది మైక్రోఫోనిక్, అంటే కుదుపును శబ్దంగా మార్చే వాల్వు. రికార్డు ప్లేయరు ఇచ్చే బలహీన సిగ్నల్‌ను పెంచే ఫోనో దశకు పనికిరాదు. తట్టకుండానే చిటపట వినిపిస్తే ఎంత పాత పేరున్నా వదిలేయండి. రెసిస్టర్ల పని మొదలుపెట్టకముందే, మీ సోర్స్ సీడీ ప్లేయరయితే 100 కిలో ఓమ్‌ల వాల్యూమ్ కంట్రోలు వేసి పాత 12ఏఎక్స్7తోనే ఒకసారి వినండి, సోర్స్ ఇంపెడెన్స్ తగ్గి పై స్వరాల కోత కూడా తగ్గుతుంది.