డబ్లిన్ నుంచి మ్యూనిక్‌కి విమానం ఎక్కకుండా వెళ్లడం ఎలా?

డబ్లిన్_శ్రీను:
అందరికీ నమస్తే. నేను, మా ఆవిడ డబ్లిన్‌లో ఉంటాం. మే నెలలో మ్యూనిక్‌లో మా మరదలి గృహప్రవేశం. ఈ మధ్యే మా ఆవిడకి చెవి ఆపరేషన్ అయింది, కొన్ని నెలల పాటు విమానం ఎక్కొద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు. సొంత చెల్లెలి గృహప్రవేశానికి నేను లేకపోతే ఎలా అని తను ఒకటే బాధపడుతోంది. ఓడ, రైలు కలిపి వెళ్లొచ్చని విన్నాను కానీ ఎక్కడ మొదలుపెట్టాలో అర్థం కావడం లేదు. మ్యాప్‌లో చూస్తే లండన్ మీదుగా దగ్గర అనిపిస్తోంది. ఇద్దరివీ ఇండియన్ పాస్‌పోర్టులు, ఐర్లాండ్ నివాస అనుమతి ఐఆర్‌పీ కార్డులు ఉన్నాయి, యూకే వీసా లేదు. ఎవరైనా ఇలా వెళ్లినవాళ్లు ఉంటే చెప్పండి, ప్లీజ్.

కార్క్‌వాసి:
శ్రీను గారూ, ముందు లండన్ సంగతి పక్కన పెట్టండి. ఐర్లాండ్ నుంచి ఫ్రాన్స్‌కి నేరుగా ఓడలున్నాయి. డబ్లిన్ నుంచి షెర్‌బుర్‌కి ఐరిష్ ఫెర్రీస్, రాస్‌లేర్ నుంచి అదే షెర్‌బుర్‌కి, మా కార్క్ నుంచి రోస్కాఫ్‌కి బ్రిటనీ ఫెర్రీస్. మీకు డబ్లిన్ నుంచి షెర్‌బుర్ సుఖం. ఓడలో ఒక రాత్రి పడుతుంది, దాదాపు 18 గంటలు. ఈ ఓడలు రోజూ ఉండవు కాబట్టి ముందు ఓడ తేదీ ఖాయం చేసుకుని, ఆ తర్వాతే రైళ్లు, హోటల్ చూసుకోండి. చాలామంది రైలు చవగ్గా దొరికిందని ముందు అది కొనేస్తారు, తీరా ఆ రోజు ఓడే ఉండదు. ఇంకో సంగతి, కొన్ని ఓడలు వాహనంతో వచ్చేవాళ్లనే ఎక్కించుకుంటాయి, అందుకని బుక్ చేసేటప్పుడు కారు లేకుండా వచ్చే ప్రయాణికులను తీసుకుంటారో లేదో చూసుకోండి.

క్యాబిన్ తప్పకుండా తీసుకోండి, ఆపరేషన్ అయిన మనిషిని కుర్చీలో రాత్రంతా కూర్చోబెట్టకండి. క్యాబిన్ చిన్నదే అయినా అందులోనే బాత్రూమ్, షవర్ ఉంటాయి. పై పడక గోడకి మడిచి ఉంటుంది, కిందికి లాగి పరుచుకోవాలి. ఓడ మధ్యలో, కింది అంతస్తులో అడగండి, అక్కడ ఊపు తక్కువ. వికారం మాత్ర ఓడ కదలకముందే వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా ఉపయోగం ఉండదు. ఏ మాత్ర వాడాలో మాత్రం మీ డాక్టర్‌నే అడగండి. ఇక ఓడ రేవు దాటగానే ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయండి. లేకపోతే దానంతటదే ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్ పట్టుకుంటుంది, దానికి మామూలు ఈయూ రోమింగ్ వర్తించదు, బిల్లు చూసి గుండె ఆగుతుంది.

ఉత్తరదారి:
ఇంత తిరుగుడు ఎందుకండీ? డబ్లిన్ నుంచి బ్రిటన్‌లోని హోలీహెడ్ రేవుకి ఓడలో మూడు గంటల చిల్లర, లండన్ దాకా ఓడకీ రైలుకీ కలిపి ఒకే టికెట్ ఇస్తారు, చవక కూడా. హోలీహెడ్‌లో పాస్‌పోర్టు అడిగేవాళ్లే ఉండరు. లండన్ నుంచి పారిస్‌కి యూరోస్టార్ రైలు ఎక్కేయడమే.

కార్క్‌వాసి:
దయచేసి ఇలాంటి సలహాలు ఇవ్వకండి. చెకింగ్ లేకపోవడం వేరు, వీసా అక్కర్లేకపోవడం వేరు. ఐఆర్‌పీ ఉన్నా ఇండియన్ పాస్‌పోర్టుతో బ్రిటన్‌లో అడుగుపెట్టాలంటే వీసా ఉండాలి, దాటిపోవడానికైనా సరే. పైగా లండన్ సెయింట్ పాంక్రస్‌లో రైలెక్కే ముందే ఫ్రెంచ్ పోలీసులు పాస్‌పోర్టు చూస్తారు. అక్కడ దొరికితే ఈ ప్రయాణం పోవడమే కాదు, రేపు ఏ వీసాకి అప్లై చేసినా అదే అడుగుతారు. ఉద్యోగాలు చేసుకుంటూ ఇక్కడ కుదురుకున్నవాళ్లకి ఆ టెన్షన్ ఎందుకు? యూకే వీసా ఉన్నవాళ్లకైతే ఆ దారి నిజంగానే బాగుంటుంది, కాదనను.

మ్యూనిక్_లక్ష్మి:
నేను మ్యూనిక్‌లో ఉంటాను కాబట్టి ఇటు వైపు సంగతి చెప్తా. షెర్‌బుర్‌లో దిగాక స్టేషన్ మరీ దూరం కాదు, సామాను ఉంటుంది కాబట్టి టాక్సీ మాట్లాడుకోండి. అక్కడి నుంచి పారిస్ సెయింట్ లజార్ స్టేషన్‌కి మూడు గంటల పైన. మ్యూనిక్ రైలు ఎక్కేది వేరే స్టేషన్‌లో, గార్ ద లెస్ట్. అదే రోజు పట్టుకోవాలని చూడకండి, సముద్రం బాగోక ఓడ లేటయితే విడివిడిగా కొన్న టికెట్లకి ఎవరూ బాధ్యత తీసుకోరు. రాత్రి పారిస్‌లో ఉండి, మర్నాడు డైరెక్ట్ టీజీవీ (ఫ్రెంచ్ హైస్పీడ్ రైలు) ఎక్కితే స్ట్రాస్‌బర్గ్, స్టుట్‌గార్ట్ మీదుగా ఆరు గంటల లోపే మ్యూనిక్. హోటల్ గార్ ద లెస్ట్ దగ్గరే తీసుకోండి, నడిచి వెళ్లేంత దూరంలో లా షపెల్ ఉంది, అక్కడంతా శ్రీలంక తమిళుల హోటళ్లే. ఓడ తిండి తిన్నాక వేడి దోసె, సాంబారు దొరికితే ప్రాణం లేచొస్తుంది.

ఫ్రాన్స్‌కీ జర్మనీకీ కలిపి ఒకే షెంగెన్ వీసా సరిపోతుంది, అది జర్మనీకే అప్లై చేయండి, ముందు దిగేది ఫ్రాన్స్‌లోనైనా ఎక్కువ రోజులు ఉండేది ఇక్కడే కదా. కవరింగ్ లెటర్‌లో ఓడ, రైలు సంగతి వివరంగా రాయండి, డాక్టర్ ఉత్తరం కూడా జత చేయండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అప్లై చేసుకోవచ్చు, అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం, కాబట్టి ఈ వారమే చూడండి.

డబ్లిన్_శ్రీను:
కార్క్ అన్నా, లక్ష్మి గారూ, చాలా థాంక్స్. మా ఆవిడకి ఇదంతా చదివి వినిపించాను, అప్పుడే చెల్లెలికి ఫోన్ చేసి వస్తున్నాం అని చెప్పేసింది. ఒక్క డౌటు, ఒకే పాస్‌తో యూరప్ రైళ్లు ఎక్కొచ్చంటారు కదా, దానికి ఇంటర్‌రైల్ పాస్ తీసుకోవాలా, యూరైలా? ఇండియన్లకి యూరైల్ అని ఎక్కడో చదివాను.

మ్యూనిక్_లక్ష్మి:
పాస్‌పోర్టుని బట్టి కాదండీ, ఎక్కడ నివాసం ఉంటున్నారన్న దాన్ని బట్టి. మీరు ఐర్లాండ్‌లో ఉంటున్నారు కాబట్టి ఇంటర్‌రైల్. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలకైతే యూరైల్. కానీ మీకు వెళ్లేటప్పుడు రెండు రైళ్లు, వచ్చేటప్పుడు రెండు, అంతే కదా. పాస్ ఉన్నా టీజీవీలో సీటు రిజర్వేషన్‌కి విడిగా కట్టాలి, పాస్ వాళ్లకి ఇచ్చే సీట్లు కూడా తక్కువే. టికెట్లు ముందుగా కొంటే ధర ఎంతవుతుందో, పాస్‌తో ఎంతవుతుందో లెక్క వేసుకోండి, మీ విషయంలో మామూలు టికెట్లే నయం అనిపిస్తోంది.

కార్క్‌వాసి:
పాస్ ఉంటే ఓడ టికెట్‌లో కూడా కొంత తగ్గిస్తారు, లెక్క వేసేటప్పుడు అదీ కలపండి.