స్టేటస్ అడిగితే అంతా బాగుందంటారు, చివరి వారంలో బండారం బయటపడుతుంది. లోపం ఎక్కడ?

కొత్త_పీఎం:
ప్రాజెక్ట్ మేనేజర్ (పీఎం) పని నాకు కొత్త. తొమ్మిది మంది టీమ్, మూడు నెలల సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్. ఎప్పుడడిగినా "తొంభై శాతం అయిపోయిందండీ" అంటారు. ఆ మిగిలిన పది శాతమే నెల తినేస్తుంది. లీడర్‌షిప్ అంటే విజన్, కమ్యూనికేషన్ అని అందరూ చెప్పేదే. సోమవారం పొద్దున్నే మొదలుపెట్టగలిగేది ఏదైనా ఉంటే చెప్పండి.

గాంట్_గీత:
ముందు శాతాలు అడగడం మానేయండి. శాతమంటే చెప్పేవాళ్ల నమ్మకమే, కొలత కాదు. పనిని ఒకటి రెండు రోజుల్లో తెగే ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకీ సున్నా లేదా వంద, అంతే. "అయ్యింది" అంటే ఏమిటో కూడా ముందే రాసి పెట్టుకోవాలి. లాగిన్ పేజీనే తీసుకోండి. స్క్రీన్ కనబడితే అయినట్టు కాదు. పాస్‌వర్డ్ తప్పు కొడితే ఏమవుతుంది, సర్వర్ పలకకపోతే ఏమవుతుంది, ఈ రెండూ టెస్టర్ చూశాకే అయినట్టు.

ఇక రెండోది, కష్టమైనది. ఆలస్యమవుతోందని చెప్పినవాళ్లని అందరి ముందూ "ఎందుకైంది?" అని నిలదీశారో, మరుసటి వారం నుంచి అందరివీ తొంభై శాతాలే. మీ నోట మొదట రావాల్సిన మాట "ఇప్పుడే చెప్పడం మంచిదైంది, ఎక్కడ ఆగింది?" కారణాలు తర్వాత విడిగా మాట్లాడుకోవచ్చు.

బఫర్_బాబాయ్:
పై మాటతో ఏకీభవిస్తూనే, అసలు తప్పు అంచనా దగ్గరే మొదలవుతుందంటాను. పని చేసేవాళ్లనే మూడు అంకెలు అడగండి. అన్నీ కలిసొస్తే 4 రోజులు, మామూలుగా 6, అన్నీ ఎదురుతిరిగితే 14 అన్నారనుకోండి. మామూలు అంకెని నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగిస్తే 7 వస్తుంది. పెర్ట్ (PERT) అనే అంచనా పద్ధతిలో లెక్క ఇదే. నన్నడిగితే ఆ 7 కన్నా 4కీ 14కీ మధ్య ఉన్న దూరమే ముఖ్యం. ఆ పనిలో ఎవరికీ తెలియనిదేదో దాగుందని అర్థం. ముందు ఒక రోజు దాన్ని తవ్వడానికే కేటాయించండి.

కొత్త_పీఎం:
ఆలస్యమైతే ఇంకో ముగ్గుర్ని ఇస్తామంటున్నారు పైవాళ్లు. తీసుకోవచ్చా?

బఫర్_బాబాయ్:
చివర్లో మాత్రం వద్దు. తొమ్మిది మంది మధ్య మాట్లాడుకునే జతలు 36. పన్నెండు మంది అయితే 66. పైగా కొత్తవాళ్లకి నేర్పేది పాతవాళ్లే కాబట్టి వాళ్ల పని కూడా ఆగుతుంది. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్‌కి మనుషుల్ని చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుందని, బ్రూక్స్ సూత్రం పేరుతో 1975 నుంచీ చెప్పుకుంటున్నది ఇదే. మనుషుల బదులు పని తగ్గించమని అడగండి.

నోట్స్_రాణి:
అడిగే పద్ధతి కూడా చూసుకోవాలి. పైవాళ్లు కొత్త పని చేర్చమన్నప్పుడు "కుదరదు" అంటే గొడవవుతుంది, "చూద్దాం" అంటే ఒప్పుకున్నట్టే లెక్క. "ఈ రిపోర్ట్ చేర్చాలంటే 5 రోజులు. తేదీ జరుపుదామా, ఎగుమతి ఫీచర్ తీసేద్దామా?" అని రెండు దారులు ముందుంచి, వాళ్లు ఎంచుకున్నది అదే రోజు మెయిల్లో పెట్టండి. ఈ బేరం మీరే ఆడాలి. డెవలపర్‌కి నేరుగా ఫోన్ చేసి "చిన్న మార్పే కదా" అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అలాంటి ఫోన్ వస్తే మీ పేరు చెప్పి తప్పుకోమని టీమ్‌కి ముందే చెప్పి ఉంచండి.

ఇంకొకటి, మీటింగ్‌లో సీనియర్‌ని చివర మాట్లాడించండి. ఆయన ముందే "రెండు రోజుల పని" అనేస్తే, తర్వాత ఆరు రోజులు అనే ధైర్యం జూనియర్‌కి ఉండదు.