జబ్బు ఒకటే, పేషెంటు మారితే క్రిమి మారుతుంది: మీరెలా గుర్తుపెట్టుకుంటారు?

రెండో ఏడు మెడికో
మైక్రోబయాలజీలో నాకు కొరుకుడు పడనిది ఇదే. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) అన్నా, న్యుమోనియా అన్నా పేరు ఒకటే. పేషెంటు వయసు మారగానే క్రిముల జాబితా మొత్తం మారిపోతుంది. పట్టిక బట్టీ పడితే పరీక్ష దాకా నిలిచి, ఆ తర్వాత మాయమవుతోంది. వార్డుల్లో, ల్యాబుల్లో పనిచేసేవాళ్లు కాస్త చెప్పండి.

ల్యాబ్ మైక్రోబయాలజిస్ట్
పట్టిక పక్కన పెట్టండి. క్రిమి ఏ దారిన వచ్చింది, ఈ మనిషిలో ఏ రక్షణ లోపించింది, ఈ రెండే అడగండి. నెలలోపు పసికందు మెనింజైటిస్‌లో గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్, ఈ. కోలై ముందుంటాయి. రెండూ తల్లి నుంచి కాన్పు సమయంలో అంటుకునేవే. పెద్ద పిల్లల్లో, యువతలో న్యూమోకాకస్, మెనింగోకాకస్. పసివాళ్లలో అరుదుగా కనిపించే లిస్టీరియా 50 ఏళ్లు దాటాక మళ్లీ లెక్కలోకి వస్తుంది.

స్టెరాయిడ్లు వాడుతున్న ఒక పెద్దాయన వెన్నునీరు మా దగ్గరికొచ్చింది. బ్యాక్టీరియాకి రంగు వేసి చూసే గ్రామ్ స్టెయిన్‌లో సన్నటి ఊదారంగు కడ్డీలు అక్కడక్కడా ఉన్నాయి. చూడ్డానికి అచ్చం డిఫ్తీరాయిడ్లే, అంటే చర్మం మీద మామూలుగా ఉండే బ్యాక్టీరియా, అక్కణ్నుంచి కలిశాయని వదిలేసే రకం. వయసు, స్టెరాయిడ్ సంగతి ఫారంలో రాసి ఉండబట్టి ఆగాం. కల్చర్‌లో పెరిగాక గది ఉష్ణోగ్రతలో హ్యాంగింగ్ డ్రాప్ (వేలాడే చుక్కలో కదలిక చూసే పరీక్ష) చూస్తే పిల్లిమొగ్గలు వేస్తున్నాయి, లిస్టీరియానే. సెఫ్‌ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ దీని మీద పనిచేయదు, యాంపిసిలిన్ కలపాల్సిందే. దయచేసి ఫారం మీద ‘జ్వరం’ అని ఒక్క ముక్క రాసి పంపకండి.

క్యాన్సర్ వార్డు నర్సు
మేడమ్ చెప్పింది నిజం. మా వార్డులో ఇంకో చిక్కుంది. కీమో తర్వాత న్యూట్రోఫిల్స్ (క్రిములతో పోరాడే తెల్లరక్తకణాలు) 500 లోపు పడిపోతే చీము సరిగా పట్టదు, చీము తయారయ్యేదే ఆ కణాలతో కదా. ఎక్స్‌రే కూడా మామూలుగానే ఉండొచ్చు. చాలాసార్లు జ్వరం ఒక్కటే గుర్తు. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా అయితే గంటల్లో ముంచేస్తుంది. అందుకే బ్లడ్ కల్చర్‌కి రక్తం తీసి, గంటలోపు దాని మీద కూడా పనిచేసే యాంటీబయాటిక్ ఎక్కిస్తాం. రోజుల తరబడి కౌంటు లేవక, జ్వరమూ దిగకపోతే ఆస్పర్జిల్లస్ లాంటి ఫంగస్ కోసం వెతకడం మొదలవుతుంది.

మెడిసిన్ పీజీ
హెచ్ఐవీలో సీడీ4 అనే రక్షణ కణాల కౌంటే మెట్లు చూపిస్తుంది. 200 లోపు న్యూమోసిస్టిస్ అనే ఫంగస్, 100 లోపు టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి, క్రిప్టోకాకస్ అనే ఫంగస్. టీబీకి మాత్రం ఆ మెట్లతో పనిలేదు, కౌంటు బాగున్నా రావచ్చు. ప్లీహం తీసేసినవాళ్లకైతే చుట్టూ క్యాప్సూల్ (తొడుగు లాంటి పొర) ఉన్న బ్యాక్టీరియా భయం, ముఖ్యంగా న్యూమోకాకస్. ముందే అనుకున్న ఆపరేషన్ అయితే కనీసం 2 వారాల ముందు టీకాలు వేయించాలి.

ఒక అమ్మ
నేను డాక్టర్‌ని కాదండీ. మా బాబుకి సికిల్ సెల్, ఎర్రరక్తకణాలు కొడవలిలా మారే జబ్బు. ప్లీహం ఒంట్లోనే ఉన్నా ఈ పిల్లల్లో చిన్నప్పుడే పనిచేయడం మానేస్తుందని చెప్పి రోజూ పెన్సిలిన్ వేయమన్నారు. జ్వరమొస్తే ఇంట్లో చూద్దాంలే అనుకోకుండా తీసుకెళ్లిపోతాం. ఒకసారి కాలి నొప్పి మామూలు సికిల్ నొప్పే అనుకుంటే, ఎముకలో సాల్మొనెల్లా అని తేలింది. వేరే పిల్లల్లో ఎముకకి ఎక్కువగా స్టాఫ్ ఆరియస్ పడుతుందట. మీరు చదువుకునేటప్పుడు మా పిల్లల్ని గుర్తుపెట్టుకోండి బాబూ.

రెండో ఏడు మెడికో
తప్పకుండా అమ్మా. మేడమ్, యూరిన్ ట్యూబు ఉన్నవాళ్ల సంగతో?

ల్యాబ్ మైక్రోబయాలజిస్ట్
ట్యూబు లేని బయటివాళ్లలో మూత్రం ఇన్ఫెక్షన్ అంటే ఎక్కువగా ఈ. కోలై. ట్యూబు ఉంటే దానితోపాటు సూడోమోనాస్, ఎంటెరోకాకస్, క్యాండిడా కూడా. ప్రోటియస్ చేరితే యూరియాని విడగొట్టి మూత్రాన్ని క్షారంగా మారుస్తుంది, ట్యూబు లోపల పెంకు కట్టి మూసుకుపోతుంది. ఇంకోటి, ట్యూబు చాలా రోజులుంటే కల్చర్‌లో ఏదో ఒకటి పెరుగుతుంది. జ్వరం, నొప్పి లాంటివేమీ లేకుండా ఆ రిపోర్టు ఒక్కటే చూసి మందు మొదలుపెట్టరు. గర్భిణులకు, మూత్రనాళంలో ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లకు మాత్రం వేరే లెక్క.