తుఫాను జిల్లాలో మొదటి యాంటెన్నా ఏది: మేడ మీద వీహెచ్ఎఫ్ గొట్టమా, పెరట్లో తీగా?

టెక్కలి కొత్తోడు

అందరికీ నమస్కారం. హామ్ రేడియో లైసెన్సు చేతికొచ్చి మూడు వారాలైంది. రెస్ట్రిక్టెడ్ గ్రేడు, వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్, అంటే రేడియోలో నా గుర్తింపు పేరు. ప్రస్తుతానికి నా దగ్గరున్నవి ఒక 5 వాట్ల వాకీటాకీ, ఇంట్లో బతిమాలి పక్కన పెట్టించుకున్న 18 వేలు. ఈ పిచ్చి నాకు తిత్లీ తుఫాను అప్పుడు పట్టింది. 2018 అక్టోబరు 11న తెల్లారేసరికి కరెంటు లేదు, సెల్లు లేదు, పలాసలో అక్క వాళ్లు ఎలా ఉన్నారో తెలీక నాన్న బండేసుకుని, రోడ్డుకడ్డంగా పడ్డ చెట్ల మీంచి బండి ఎత్తించుకుంటూ వెళ్లారు. ముప్పై కిలోమీటర్ల దారి, పొద్దున్న వెళ్లిన మనిషి రాత్రికి గానీ తిరిగి రాలేదు.

నా ప్లాను ఇదీ. రెండంతస్తుల మేడ మీద 20 అడుగుల జీఐ పైపు, దాని కొసన వాకీటాకీ మాట్లాడే వీహెచ్ఎఫ్ బ్యాండుకి (145 మెగాహెర్ట్జ్) తెల్ల ఫైబర్ గొట్టం యాంటెన్నా, అక్కణ్ణుంచి కింద గదిలోకి 30 మీటర్ల కేబుల్. కేబుల్ ఆర్‌జీ 58 చాలని షాపాయన అన్నాడు. తుఫాను రోజున శ్రీకాకుళం దాకా మాట వెళ్తే నాకు చాలు. మా గురువుగారేమో ఆ గొట్టం జోలికి పోకు, హెచ్ఎఫ్‌లో, అంటే దూరాలకి పోయే తక్కువ ఫ్రీక్వెన్సీల్లో, 40 మీటర్ల బ్యాండుకి (7 మెగాహెర్ట్జ్) తీగ కట్టుకో అంటున్నారు. రెండూ కొనే స్తోమత లేదు. ఏది ముందు?

రాజాం మెకానిక్

గొట్టమే. ఆలోచించక్కర్లేదు. తుఫానొచ్చినప్పుడు ఎవడికైనా కావలసిందేటి? పక్క ఊళ్లో ఎవరు ఇరుక్కున్నారు, మండలాఫీసులో ఎవరున్నారు, బియ్యం లారీ ఎక్కడాగింది. ఇవన్నీ పది కిలోమీటర్ల మాటలు. వాకీటాకీ జేబులో వేసుకుని బురదలో నడిచి వెళ్లొచ్చు, ఇంటి మీదున్న గొట్టం దాని మాట అందుకుంటుంది. హెచ్ఎఫ్ సెట్టు, బ్యాటరీ, తీగ చుట్ట నెత్తిన పెట్టుకుని వరదలో ఎవడు తిరుగుతాడు? నేను రాజాం నుంచి ఆమదాలవలస వరకు 10 వాట్లతో రోజూ మాట్లాడుతున్నాను, గొంతు ఫోన్లో కన్నా శుభ్రంగా వస్తుంది.

బొబ్బిలి మాస్టారు

బాబూ, ముందు నీ కేబుల్ సంగతి చూద్దాం, అక్కడే సగం వాదన తేలిపోతుంది. 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఆర్‌జీ 58 వంద మీటర్లకి దాదాపు 20 డెసిబెల్స్ తింటుంది. నీ 30 మీటర్లకి 6. ప్రతి 3 డెసిబెల్స్‌కీ పవరు సగమవుతుంది. అంటే వాకీటాకీ 5 వాట్లు పంపితే కొసకి చేరేది ఒకటింబావు వాటు. మిగతాదంతా కేబుల్ వేడెక్కడానికే. ఆర్‌జీ 213 వేస్తే రెండున్నర వాట్ల పైన చేరుతుంది, కానీ దాని ధరకి నీ 18 వేలు ఎంత మిగులుతాయో షాపులోనే అడుగు.

ఇక దూరం. వీహెచ్ఎఫ్ ఇంచుమించు చూపు ఆనినంత మేరే పోతుంది. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.1తో గుణిస్తే ఆ చూపు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. నీ మేడా పైపూ కలిపి 13 మీటర్లనుకో, 15 కిలోమీటర్లు. అవతలివాడిదీ అంతే ఎత్తయితే రెండూ కలిపి 30. టెక్కలి నుంచి శ్రీకాకుళం కాకి దూరమే 50 దాకా ఉంటుంది, మధ్యలో కొండలు. ఎండాకాలం సాయంత్రాలు సముద్రం పక్కన గాలి పొరలు కుదిరితే అంతకన్నా దూరం పోయే మాట నిజమే, కానీ తుఫాను రోజున ఆ పొరలన్నీ చెదిరిపోయి ఉంటాయి.

40 మీటర్ల తీగంటే 40 మీటర్ల పొడవు కాదు, కొత్తవాళ్లందరూ ఇక్కడే తికమక పడతారు. అది బ్యాండు పేరు. తీగ అందులో సగం, 66 అడుగులు. దాన్ని నేలకి ఏడెనిమిది మీటర్ల ఎత్తునే కడితే సిగ్నల్ నిటారుగా పైకెళ్లి, ఆకాశంలో రేడియో తరంగాల్ని వెనక్కి పంపే అయనోస్ఫియర్ పొరకి తగిలి గొడుగులా కిందికి పడుతుంది. అడ్డంగా గోడుంటే బంతిని కప్పుకేసి కొట్టి అవతలికి పంపినట్టు. కొండ ఉందా లేదా అన్న లెక్కే లేదు. పగటిపూట మూడు నాలుగొందల కిలోమీటర్ల లోపు అంతా నీదే. అటు బరంపురం, ఇటు విశాఖ, కాకినాడ.

రాజాం మెకానిక్

మాస్టారూ, లెక్కలు బాగున్నాయి. మరి హెచ్ఎఫ్ సెట్టు గాలిలోంచి ఊడి పడుతుందా? కొత్తది కొనాలంటే కుర్రాడు బండి అమ్ముకోవాలి.

బొబ్బిలి మాస్టారు

కొత్తది ఎవరు కొనమన్నారు? మన హైదరాబాద్ వారు, అషర్ ఫర్హాన్ గారు తయారుచేసిన బిట్‌ఎక్స్ రేడియో డిజైన్ ప్రపంచమంతా సోల్డరింగు చేసుకుంటోంది. అందులో మైక్రో బిట్‌ఎక్స్ అన్ని హెచ్ఎఫ్ బ్యాండ్లలోనూ పనిచేస్తుంది, 10 వాట్లు అటూ ఇటూగా ఇస్తుంది. నా దగ్గర బిగించి పెట్టింది ఒకటి ఊరికే ఉంది. కుర్రాడు వచ్చి పట్టుకెళ్లొచ్చు, డబ్బు తర్వాత చూసుకుందాం.

సోంపేట కొబ్బరితోట

ఇద్దరూ యాంటెన్నా నిలబడి ఉంటుందనుకుని మాట్లాడుతున్నారు. నేను తిత్లీ కింద పడుకున్నవాణ్ని, నా మాట వినండి.

నాకు అప్పుడు రెండూ ఉన్నాయి. మేడ మీద 30 అడుగుల పైపు, దానికి నాలుగు వైపులా తాళ్లు. తోటలో రెండు కొబ్బరి చెట్ల మధ్య తీగ. వాతావరణ శాఖ 140, 150 వేగం అంది. గాలి వేగం మూడింతలైతే తోపు తొమ్మిదింతలవుతుంది, 150 దగ్గర చదరపు మీటరుకి వంద కిలోల పైమాటే. పైపు సన్నమే కదా అనుకుంటాం, అంత పొడవుకి అదీ తక్కువేం కాదు. నావి ప్లాస్టిక్ తాళ్లు, రెండేళ్లు ఎండకి ఎండి పట్టుకుంటే పొడి రాలుతున్నాయి. ఆ సంగతి ముందే చూశాను, తర్వాత మారుద్దాంలే అనుకున్నాను. ఒకటి తెగింది. తెల్లారి చూస్తే పైపు పిట్టగోడ మీదికి అరటి బోదెలా వంగిపోయి ఉంది, గొట్టం పక్కింటి రేకుల మీదుంది. తీగ అయితే తెగిపోవడం కూడా కాదు, అది కట్టిన చెట్లే పడిపోయాయి. ఉద్దానంలో ఆ పొద్దున్న ఎన్ని కొబ్బరి చెట్లు పడ్డాయో చూసినవాడు చెట్టుని యాంటెన్నా స్తంభం అనడు.

కానీ తేడా ఎక్కడొచ్చిందంటే, వంగిన పైపు నేను ఈ రోజుకీ సరిచేయలేదు. తీగని మాత్రం కొబ్బరి మట్టల కిందనుంచి లాగి, తెగినచోట మెలేసి, ఒక కొస మేడ పిట్టగోడకి, ఇంకో కొస ఎడ్లబండి కాడికి కట్టి మధ్యలో వెదురు బొంగు ఎత్తాను. పదిన్నరకల్లా మళ్లీ రేడియోలో మాట్లాడుతున్నాను. అందుకే నా ఓటు తీగకి. గట్టిదని కాదు, పడితే మళ్లీ లేపగలమని. ఇప్పుడైతే తుఫాను హెచ్చరిక రాగానే నేనే దించేసి గోనెసంచిలో పెట్టేస్తున్నాను.

రాజాం మెకానిక్

దించేసేదైతే గొట్టాన్నీ దించొచ్చుగా అన్నయ్యా. నా పైపు అడుగున బోల్టు తిప్పితే పడుకుంటుంది, ఒక్కణ్నే దించుతాను, ఒక్కణ్నే లేపుతాను. అసలు గొట్టం కూడా అక్కర్లేదు, అర మీటరు రాగి పుల్ల ఒకటి నిలువుగా, కింద నాలుగు ఏటవాలుగా బిగిస్తే వీహెచ్ఎఫ్ యాంటెన్నా అయిపోయింది. గొడుగు పుల్లలతో చేసినవాళ్లున్నారు.

సోంపేట కొబ్బరితోట

అడుగున బోల్టుంటే ఒప్పుకుంటాను. నూటికి తొంభై మంది సిమెంటులో పాతేస్తారు.

శ్రీకాకుళం డైపోల్

మాస్టారి గొడుగు ఉపమానం బాగుంది కానీ ఆ గొడుగు 24 గంటలూ విచ్చుకుని ఉండదు, ఆ ముక్క ఎవరూ అనడం లేదు. ఫిజిక్స్ పాఠాలు చెప్పుకునేదాన్ని, ఊరుకోలేను.

నిటారుగా పంపిన 7 మెగాహెర్ట్జ్ తిరిగి కిందికి పడాలంటే పైన పొర చిక్కగా ఉండాలి. ఆ చిక్కదనం ఎండ వల్ల వస్తుంది. పగలు మన అక్షాంశాల్లో పుష్కలం, పొద్దుగూకాక కూడా కొంతసేపు నిలుస్తుంది, తర్వాత పలచబడుతూ పోయి సూర్యోదయానికి ముందు అట్టడుగుకి చేరుతుంది. అప్పుడు నిటారుగా వెళ్లిన 7 మెగాహెర్ట్జ్ పొరని చీల్చుకుని పైకి పోతుంది. ఏటవాలుగా వెళ్లిందే వంగి వెయ్యి కిలోమీటర్ల అవతల పడుతుంది. ఇండోనేషియా వినబడుతుంది, పక్క జిల్లా వినబడదు.

ఇప్పుడు రెండు తుఫాన్లు గుర్తు చేసుకోండి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటింది మిట్టమధ్యాహ్నం వేళ. 40 మీటర్లకి అంతకన్నా మంచి వేళ లేదు. తిత్లీ పలాస దగ్గర దాటింది తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర మధ్య. సరిగ్గా చెత్త వేళ. తుఫాను మనల్ని అడిగి రాదు. 40 ఒక్కటే కట్టుకుని నిశ్చింతగా పడుకుంటే కుదరదు. సోంపేట అన్నయ్య కూడా పదిన్నరకి కాక అయిదింటికి తీగ లేపి ఉంటే చుట్టుపక్కల ఎవరికీ వినపడేవారు కాదు.

బొబ్బిలి మాస్టారు

అమ్మా, నిజం. నేను దాటేశాను. ఆ వేళకి 80 మీటర్ల బ్యాండు కావాలి, 3.5 నుంచి 3.7 మెగాహెర్ట్జ్. దానికి తీగ 128 అడుగులు, టెక్కలి పెరట్లో పట్టదేమో అని చెప్పలేదు.

శ్రీకాకుళం డైపోల్

పట్టించొచ్చు మాస్టారూ. 66 అడుగుల తీగకి రెండు కొసలా ఒక్కో 31 అడుగుల ముక్క, మధ్యలో చిన్న ఇన్సులేటరు, దాని మీదుగా మొసలి క్లిప్పు. క్లిప్పు తీస్తే 40, పెడితే 80. కొసలు తిన్నగా ఉండక్కర్లేదు, గోడ వెంట తిప్పినా, కిందికి వేలాడేసినా పనవుతుంది. మాది మేడ మీద బట్టలారేసే తీగ పక్కనే వెళ్తుంది, అత్తగారు మొదట్లో దాని మీద లుంగీ ఆరేశారు.

టెక్కలి కొత్తోడు

పది రోజులు అజాపజా లేను, క్షమించండి. బొబ్బిలి వెళ్లి మాస్టారి దగ్గర బిట్‌ఎక్స్ తెచ్చుకున్నాను. ఎలక్ట్రికల్ షాపులో ఇళ్ల వైరింగుకి వాడే ఒకటిన్నర ఎంఎం తీగ 90 మీటర్ల చుట్ట ఒకటి కొన్నాను, ఇన్సులేటర్లకి పీవీసీ పైపు ముక్కలు. తీగ మధ్య భాగం మేడ మెట్ల గది మీద పాతిన వెదురుకి, కొసలు పెరటి గోడకి, వీధి వైపు గేటుకి.

66 అడుగులు కొలిచి కట్టి మీటరు పెడితే ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా ఎంత బాగా కుదిరిందో చెప్పే కొలత, తక్కువైతే మంచిది) అట్టడుగు 6.88 మెగాహెర్ట్జ్ దగ్గర చూపించింది. లెక్క తప్పానేమోనని మళ్లీ కొలిచాను. తీరా మాస్టారికి ఫోన్ చేస్తే, తీగ మీద ప్లాస్టిక్ తొడుగుంది కదా, పైగా ఎత్తు తక్కువ, అందుకే కిందికి జారింది, రెండు వైపులా అడుగేసి మడిచెయ్యి అన్నారు. కొయ్యకుండా మడిచి మెలేశాను. 7.1కి వచ్చి కూర్చుంది. ఆ సూది కిందికి దిగుతుంటే చూడాలి, పరీక్ష రిజల్టు చూసుకున్నట్టుంది.

కేబుల్ చేరే కనెక్టరుకి రబ్బరు టేపు చుట్టాను. షాపులో ఒకాయన పాత కేబుల్ కోసి చూపించాడు, ఒక్క వానాకాలానికి లోపలి రాగి జల్లెడ అడుగు పొడవునా నల్లబడి, అక్కడక్కడా పచ్చబడి ఉంది. పైనుంచి చూస్తే కొత్తదానిలాగే ఉంది.

ఎదురింటి పిన్నిగారు రేడియేషన్ వస్తుందా బాబూ అని అడిగారు. మీ ఫోన్ టవరు కంటే తక్కువేనండీ అన్నాను. నమ్మినట్టు లేదు.

డైపోల్ మేడమ్ చెప్పింది పరీక్షించాలని ఉంది. ఆదివారం పొద్దున్న నాలుగున్నరకి ఎవరైనా లేస్తారా? మెయిన్ ఆపేసి, అచ్చం తుఫాను రోజులాగే చేస్తాను.

బొబ్బిలి మాస్టారు

నేను ఎలాగూ నాలుగింటికే లేస్తాను.

రాజాం మెకానిక్

నేనూ వస్తాను. ముందు వీహెచ్ఎఫ్ మీద పిలుస్తాను, ఆ తర్వాతే మీ తీగలు.

టెక్కలి కొత్తోడు

ఆదివారం రిపోర్టు.

4.35. వీహెచ్ఎఫ్. రాజాం అన్నయ్య అయిదు నిమిషాలు పిలిచారట, నాకు గరగర కూడా లేదు. మేడ మీద వాకీటాకీతో 64 కిలోమీటర్లు, ఆశపడ్డం నాదే తప్పు.

4.45. 40 మీటర్లు. బొబ్బిలి సున్నా, రాజాం సున్నా, సోంపేట సున్నా. ఇండోనేషియా భాషలో ఇద్దరు మాత్రం పక్కింట్లో ఉన్నట్టు కబుర్లాడుకుంటున్నారు. మేడమ్ మాట అక్షరాలా నిజం.

5 గంటలకి టార్చి పట్టుకుని పెరట్లోకెళ్లి, కుక్క మొరుగుతుంటే క్లిప్పులు పెట్టి 80కి మార్చాను. మొదటి పిలుపుకే మాస్టారు పలికారు, 5-7 ఇచ్చారు, అంటే మాట స్పష్టం, సిగ్నల్ గట్టిగానే ఉందని. వెనకాలే సోంపేట. మళ్లీ 7.15కి క్లిప్పులు తీసి 40కి వస్తే ముగ్గురూ వచ్చారు, అప్పటికి ఎండ పెరట్లోకి వచ్చేసింది.

రాజాం మెకానిక్

80లో నీ గొంతు విన్నాను, ఒప్పుకుంటున్నాను. కానీ నా రాగి పుల్ల కూడా ఒకటి చేసి పెట్టుకో, మీ టెక్కలి ఊరి వరకైనా పనికొస్తుంది, ఖర్చు నాలుగు టీల డబ్బు. అది సరే గానీ, మొదటి రెండు నిమిషాలు నీ వెనకాల గుయ్యిమని ఒకటే మోత, తర్వాత ఠక్కున ఆగిపోయింది. ఏటది?

టెక్కలి కొత్తోడు

ఇన్వర్టరు అన్నయ్యా. 80కి మార్చాకే మెయిన్ ఆపాను, అది అందుకుంది. రిసీవరులో దాని గోలలో మాస్టారి మాట లీలగానే వినబడింది. దాన్ని ఆపేసి, దాని బ్యాటరీకే రేడియో వైర్లు తగిలించాను, ఒక్కసారిగా నిశ్శబ్దం, మాస్టారి గొంతు తేటగా. ఇంట్లో ఫ్యాన్లన్నీ కూడా ఆగిపోయాయి. రెండు నిమిషాలకి అమ్మ విసనకర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి, తుఫాను రాకముందే ఈ తిప్పలేటిరా నాకు అంది. మాస్టారు అదంతా విన్నారట, నేను మాట్లాడే బటన్ వదల్లేదు.