బాంద్రా రణ్వార్‌లో అద్దె గది: బొమ్మలు వేసుకునేవారికి అనువుగా ఉంటుందా?

ప్రశ్న

నమస్కారం. నేను హైదరాబాదులో పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంటాను. జూన్ నుంచి ముంబైలో, అంధేరీలోని ఒక యానిమేషన్ స్టూడియోలో చేరబోతున్నాను. ఇల్లు మాత్రం బాంద్రా పశ్చిమంలో, చాపెల్ రోడ్డు, వరోడా రోడ్డు చుట్టూ ఉన్న రణ్వార్‌లోనే తీసుకోవాలని మనసు లాగుతోంది. పోయిన నెల బ్రోకరు అక్కడ ఒక మేడగది చూపించాడు. పెంకుల కప్పు, బయటినుంచి ఎక్కే కొయ్యమెట్లు, ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉన్నాయి. అద్దె నెలకు 45,000 రూపాయలు, అంటే నా జీతంలో దాదాపు సగం. గది ఇస్తున్నది యజమాని కాదట, ఆ ఇంట్లో పగ్డీ మీద ఉంటున్న కుటుంబమట. పదకొండు నెలల కాగితమే కాబట్టి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని కూడా బ్రోకరు చెప్పాడు. చుట్టూ చిత్రకారులుంటే నా పని మెరుగుపడుతుందన్న ఆశతో అడుగుతున్నాను: ఈ గది తీసుకోవచ్చా?

మొదటి జవాబు

నేను బాంద్రాలో పదమూడేళ్ళుగా అద్దెకుంటున్నాను. మీ ప్రశ్నలో నన్ను కంగారు పెట్టింది అద్దె కాదు, పగ్డీ అన్న మాట. పగ్డీవారు ఎప్పుడో పెద్ద మొత్తం చెల్లించి, ఇప్పుడు నామమాత్రపు అద్దెతో ఉంటారు. చట్టం వారికి రక్షణ ఇస్తుంది గానీ వారు యజమానులు కారు. అసలు యజమాని సమ్మతి లేకుండా మీకు గది ఇస్తే, వారిని ఖాళీ చేయించడానికి ఆయనకు అదే సాకవుతుంది, వారితోపాటు మీరూ సామాను సర్దుకోవలసి వస్తుంది. ఇక్కడికి వచ్చిన కొత్తలో నేనూ ఇలాగే ఇరుక్కున్నాను, డిపాజిట్టు ఏడు నెలలపాటు ముక్కలు ముక్కలుగా చేతికొచ్చింది.

బ్రోకరు చెప్పిన రెండో మాట శుద్ధ తప్పు. మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం, 1999లోని 55వ సెక్షను ప్రకారం లీవ్ అండ్ లైసెన్స్ ఒప్పందం (ఇక్కడ అద్దెకు రాసుకునే కాగితం) పదకొండు నెలలదైనా సరే, రాతపూర్వకంగా ఉండాలి, రిజిస్టరూ కావాలి. ఆ బాధ్యత ఇల్లు ఇచ్చేవారిదే. ఈ పని ఇప్పుడు ఆన్‌లైన్లో, ఇంట్లో కూర్చుని వేలిముద్ర వేస్తే అయిపోతుంది కాబట్టి, వద్దన్నవారి దగ్గర దాచవలసినదేదో ఉందనే నేను అనుకుంటాను.

రెండవ జవాబు

నేను తైలవర్ణ చిత్రాలు వేస్తాను. రణ్వార్‌లో మూడేళ్ళుండి, ఇప్పుడు మలాడ్‌కు మారాను. మీరు ఊహించుకుంటున్న చిత్రకారుల్లో చాలామంది అద్దెలు భరించలేక నాలాగే ఉత్తరానికి జరిగిపోయారు. 2012లో చిత్రకారుడు రంజిత్ దహియా గోడల మీద హిందీ సినిమా బొమ్మలు వేసే బాలీవుడ్ ఆర్ట్ ప్రాజెక్టు మొదలుపెట్టి చాపెల్ రోడ్డు గోడ మీద అనార్కలిని వేసిన తర్వాత ఆ సందులకు పేరొచ్చింది, పేరుతోపాటు కాఫీ దుకాణాలు వచ్చాయి. ఆదివారం ఉదయం నా మెట్ల మీదే ఎవరో ఒకరు ఫోటోకు నిలబడి ఉండేవారు, పాలు తెచ్చుకోవడానికి కూడా వారిని తప్పుకోమని బతిమాలవలసి వచ్చేది.

అంతకంటే పెద్ద బాధ వానాకాలం. మే చివర్లో పెంకుల మీద నీలం ప్లాస్టిక్ పట్టా కప్పిస్తారు. అయినా సముద్రపు తేమ లోపలికి రాకుండా ఆగదు. మొదటి జూలైలోనే నా కాన్వాసుల వెనక నల్లటి బూజు చుక్కలు పట్టాయి, నీటిరంగుల కాగితం దస్తా మొత్తం మెత్తబడి రంగును అడ్డదిడ్డంగా పీల్చుకునేది. మీరు కాగితం మీద పనిచేసేవారైతే, ఆ ఉత్తరపు కిటికీని చూసి మురిసిపోయే ముందు పైకప్పును చూడండి.

మూడవ జవాబు

పై ఇద్దరూ చెప్పినది నిజమే గానీ, ఆ పేట మీద నాకున్న ఇష్టం మాత్రం తగ్గలేదు. రణ్వార్ అన్నది ఫ్యాషన్ కోసం కట్టిన పేట కాదు, ఈస్ట్ ఇండియన్లని పిలిచే ముంబై స్థానిక క్రైస్తవుల పాత పల్లె. సందు మలుపుల్లో కనబడే శిలువల్లో కొన్ని 1896లో మొదలైన ప్లేగు నాటివి, సాయంత్రం వాటి ముందు ఇప్పటికీ ఎవరో ఒకరు కొవ్వొత్తి వెలిగిస్తారు. సెప్టెంబరులో మౌంట్ మేరీ చర్చి జాతర జరిగే వారం నడవడానికి చోటుండదు, అయినా స్కెచ్చు పుస్తకం పట్టుకుని తిరిగేవారికి అంతకు మించిన వారం ఉండదు. ఉద్యోగానికీ ఇబ్బంది లేదు, స్లో లోకల్లో బాంద్రా తర్వాత నాలుగో స్టేషనే అంధేరీ. అయినా ఉండడానికి మాత్రం, నన్నడిగితే, బాంద్రాకూ అంధేరీకీ మధ్యనున్న శాంతాక్రూజ్ తూర్పున వకోలా వైపు గది తీసుకుని, సెలవు రోజున రణ్వార్‌కు వచ్చి బొమ్మలు వేసుకోమంటాను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. యజమాని సంతకం చేసిన సమ్మతిపత్రం చూపించమని అడిగినప్పటి నుంచి బ్రోకరు ఫోను ఎత్తడం లేదు. ఆ కిటికీ మాత్రం ఇంకా కళ్ళముందే ఉంది. వకోలా వైపు పై అంతస్తులో, స్లాబు కురవని గది దొరుకుతుందా? అక్కడ వానాకాలంలో రోడ్ల మీద నీళ్ళు నిలుస్తాయా?